కార్క్‌లో ఎక్కడ తినాలన్న ప్రశ్న

బయట భోజనం చేయడానికి చోటు ఎంచుకోవడం ఆకలికీ జేబుకీ మాత్రమే సంబంధించిన విషయమన్న అభిప్రాయం లోకంలో బలంగా ఉంది గానీ, ఊరి చరిత్రనూ, సరుకు వచ్చే దారులనూ, వంటవాళ్ల పనివేళలనూ చదవగలిగితే తప్ప ఆ ఎంపిక సరిగా కుదరదు. ఐర్లండ్ దక్షిణ తీరంలోని కార్క్ నగరం ఈ విద్యను పరిశీలించడానికి చాలా అనువైన చోటు. 2022 జనగణన ప్రకారం సుమారు 2,24,000 జనాభా ఉన్న ఈ నగరం ఐర్లండ్ గణతంత్రంలో డబ్లిన్ తరువాత రెండవ పెద్దది. లీ నది రెండు పాయలుగా చీలి మళ్లీ కలిసేలోగా ఏర్పడిన లంక మీద నగరం నడిబొడ్డు ఉంది కాబట్టి, పేరున్న భోజనశాలల్లో చాలా భాగం ఒకదానికొకటి కాలినడక దూరంలోనే ఉంటాయి. దూరం అడ్డు కానప్పుడు ఎంపికకు వేరే ప్రమాణాలు వెతుక్కోవలసి వస్తుంది.

వాడుకలో ఉన్న ప్రమాణాల్లో దేనికీ పూర్తి బలం లేదు. ఒక చోట జనం కిక్కిరిసి ఉండటానికి వంట కారణం కావచ్చు, పక్క పబ్బులో వినిపించే సంగీతమూ కారణం కావచ్చు. మిషెలిన్ నక్షత్రం, అంటే ఫ్రాన్సుకు చెందిన టైర్ల కంపెనీ తన పరిశీలకులను పేరు చెప్పకుండా పంపి, వారి అంచనాను బట్టి ఏటా ఇచ్చే గుర్తింపు, వంటవాళ్ల నైపుణ్యానికి సాక్ష్యమే అయినా, మంగళవారం సాయంత్రం పిల్లలతో బయలుదేరిన కుటుంబానికి అక్కడ చోటు దొరుకుతుందో లేదో చెప్పదు. తెలిసినవారి సిఫార్సు వారి నాలుకను బట్టి ఉంటుంది. వీటికంటే ముందు అడగవలసిన ప్రశ్న, ఆ వంటింట్లోకి ఈ రోజు ఏ సరుకు, ఎక్కడి నుంచి, ఎవరి చేతుల మీదుగా వచ్చిందన్నది. కార్క్‌లో ఈ ప్రశ్నకు ఇంత బరువు ఉండటానికి కారణం ఆ ఊరి గతంలోనే ఉంది.

పద్దెనిమిదవ శతాబ్దంలో కార్క్ రేవు ఉప్పులో ఊరబెట్టిన గొడ్డుమాంసానికీ వెన్నకూ అట్లాంటిక్ వర్తకంలో పేరుమోసిన కేంద్రంగా ఉండేది. చుట్టుపక్కల పచ్చిక భూముల నుంచి పశువులు ఊళ్లోకి వచ్చేవి, వాటి మాంసం పీపాలకెక్కి నౌకాదళాలకూ కరీబియన్ దీవుల తోటలకూ వెళ్లిపోయేది. 1770లో షాండన్ ప్రాంతంలో నెలకొన్న వెన్న మార్కెట్టు, ప్రతి పీపానూ పరీక్షించి నాణ్యతను బట్టి తరగతి నిర్ణయించే పద్ధతి వల్ల కొనుగోలుదారుల నమ్మకాన్ని సంపాదించి, తరువాతి శతాబ్దంలో ప్రపంచంలోకెల్లా పెద్ద వెన్న మార్కెట్టుగా ఎదిగింది, 1924లో మూతపడింది. ఎగుమతి పోగా ఊళ్లో మిగిలినవి పంది కాళ్లు, పశువుల పొట్టలు, మూత్రపిండాలు, నెత్తురు; కూలిజనం వంటలు వాటి చుట్టూ రూపు దిద్దుకున్నాయి. చాలా కాలం పాటు శ్రేష్ఠమైన సరుకును ఓడలకెక్కించి, మిగిలినదానితో సరిపెట్టుకున్న ఊరు ఇది. అందువల్ల చుట్టుపక్కల నేలా సముద్రమూ ఇచ్చే మేలిరకం సరుకును ఊళ్లోనే ఆపి వండగలిగినదే ఇక్కడ మంచి భోజనశాల అని నిర్వచించుకుంటే, ఆ నిర్వచనం చరిత్రకూ నప్పుతుంది, ఎంపికకూ పనికొస్తుంది.

సరుకు అలా ఆగే ప్రధాన స్థలం ఇంగ్లిష్ మార్కెట్. 1788లో నగర పాలకమండలి నెలకొల్పిన ఈ సంత పూర్తిగా కప్పు కింద ఉంటుంది, ప్రిన్సెస్ స్ట్రీట్ వైపూ గ్రాండ్ పరేడ్ వైపూ దానికి ద్వారాలున్నాయి. 1980లో అగ్నిప్రమాదంలో తీవ్రంగా దెబ్బతిన్నప్పుడు నగర పాలక సంస్థ దాన్ని తిరిగి కట్టించింది, 1986లో మళ్లీ మంటలు అంటుకున్నా అది నిలదొక్కుకుంది. 2011 మే నెలలో బ్రిటన్ రాణి రెండవ ఎలిజబెత్ అక్కడికి వచ్చి, చేపల వ్యాపారి పాట్ ఓకానెల్ మాటలకు నవ్వుతున్న ఛాయాచిత్రం పత్రికలకెక్కాక సంత పేరు విదేశాలకూ పాకింది. అయితే భోజనశాల వెతుక్కునేవారికి దాని ఉపయోగం వేరు. ఉదయం పూట ఆ వరుసల్లో ఒకసారి తిరిగినవారికి ఆ వారం ఏ చేప ఎక్కువగా వచ్చిందో, ఏ కూరగాయ కాలం నడుస్తున్నదో, కిలో ఎంత పలుకుతున్నదో తెలుస్తుంది కాబట్టి, సాయంత్రం మెనూ చేతికి వచ్చినప్పుడు ఆ వంటకాల్లో ఏవి ఊరి సరుకుతో తయారై ఉంటాయో, ఏవి శీతల గిడ్డంగి నుంచి వచ్చి ఉంటాయో పోల్చుకోవడం కష్టం కాదు.

సంతకూ వంటింటికీ మధ్య దూరం దాదాపు లేని చోటు, ఆ కట్టడంలోనే పై అంతస్తు వసారాలో 1994లో మొదలైన ఫార్మ్‌గేట్ కేఫ్. కింది అంగళ్లలో కొన్నదాన్ని పైన వండటం దాని పద్ధతి. పాత కార్క్ వంటకమైన ట్రైప్, డ్రిషీన్ జంటకు అది పేరు పొందింది. ట్రైప్ అంటే పశువు పొట్ట పొర, దాన్ని ఉల్లిపాయలు వేసి పాలలో నెమ్మదిగా ఉడికిస్తారు. డ్రిషీన్ అంటే నెత్తురును పేగులో నింపి ఉడికించిన మెత్తని పదార్థం. తెలంగాణలో బోటినీ నల్లనూ ఇష్టంగా తినేవారికి ఈ జంట బొత్తిగా పరాయిదని అనిపించదు గానీ, అల్లమూ కారమూ లేని దాని చప్పదనానికి అలవాటు పడటానికి కొంత ఓర్పు కావాలి.

ఊరి సరుకును గౌరవంగా వండవచ్చునన్న భావన కార్క్ ప్రాంతంలో స్థిరపడటానికి నగరం వెలుపల జరిగిన ఒక ప్రయత్నం దోహదం చేసింది. నగరానికి తూర్పున షానగారీ గ్రామం దగ్గర ఉన్న బాలీమలూ హౌస్ అనే తమ ఇంట్లో మర్టిల్ అలెన్ 1964లో రెస్టారెంటు తెరిచి, తమ పొలంలో పండినదాన్నీ దగ్గరలోని బాలీకాటన్ రేవులో దిగిన చేపలనూ బట్టి ఏ రోజు మెనూ ఆ రోజే రాసే పద్ధతి పాటించింది. ఉన్నత శ్రేణి వంట అంటే ఫ్రెంచి వంటే అన్న నమ్మకం రాజ్యమేలుతున్న ఆ రోజుల్లో ఇది ఎదురీత. 1975లో ఆ వంటింటికి మిషెలిన్ నక్షత్రం కూడా దక్కింది. 1983లో ఆమె కోడలు డరీనా అలెన్, డరీనా సోదరుడు రోరీ ఓకానెల్ కలిసి అక్కడికి సమీపంలోనే వంట పాఠశాలను ప్రారంభించారు. అంతకు కొన్నేళ్ల ముందే కార్క్ కౌంటీ పశ్చిమ భాగంలో, బేరా ద్వీపకల్పంలోని చిన్న పొలంలో వెరోనికా స్టీల్ మిలీన్స్ అనే చీజ్‌కు రూపమిచ్చింది, ఆ తరువాత డరస్, గబీన్ వంటి చీజ్‌లు పుట్టుకొచ్చాయి. ఒకప్పుడు పీపాల్లో పేరు లేకుండా వెళ్లిపోయిన పాలు, చేసినవారి ఊరి పేరుతో పళ్లెంలోకి రావడం ఈ మార్పుకు గుర్తు.

ఈ మార్పు ఒక చిక్కును కూడా తెచ్చింది. పొలం పేరు, రేవు పేరు మెనూలో రాస్తే గిరాకీ పెరుగుతుందని తేలాక, అలంకారం కోసం రాసేవారూ తయారయ్యారు. గొడ్డుమాంసం విషయంలో మాత్రం 2006 నుంచి ఐర్లండ్ చట్టమే రక్షణగా ఉంది, అది ఏ దేశపు మాంసమో భోజనశాల తప్పనిసరిగా తెలియజేయాలి. మిగిలిన వాటికి చదువరి తన బుద్ధినే నమ్ముకోవాలి. నిజంగా రోజువారీ సరుకుతో వండే వంటింటి మెనూ చిన్నదిగా ఉంటుంది, ఎందుకంటే పది రకాల చేపలనూ నాలుగు దేశాల వంటలనూ ఏడాది పొడుగునా ఇవ్వాలంటే గడ్డకట్టించిన నిల్వ లేకుండా సాధ్యం కాదు. అది తరచుగా మారుతుంది కాబట్టి, వడ్డించేవారు ఈ రోజు చేప ఏమిటని అడిగితే తడుముకోకుండా జవాబు చెబుతారు. ఆలివర్ ప్లంకెట్ స్ట్రీట్‌లో 2019లో మొదలైన గోల్డీ ఇందుకు మంచి ఉదాహరణ. అక్కడ ప్రధాన వంటగత్తెగా పేరు తెచ్చుకున్న ఐష్లింగ్ మూర్, జనం అడిగే రెండు మూడు చేపలకే పరిమితం కాకుండా, పడవలో ఏది వస్తే దాన్ని, గిరాకీ లేని రకాలతో సహా, వృథా లేకుండా వాడే పద్ధతిని అవలంబించింది. అటువంటి చోట తినదలచినవారు ఏదో ఒక చేపను మనసులో పెట్టుకుని వెళ్లకూడదు. ఆ రోజు సముద్రం ఇచ్చినదాన్ని ఒప్పుకునే మనసుతో వెళ్లాలి.

చోటు ఎంత మంచిదైనా వేళ కుదరకపోతే ప్రయోజనం ఉండదు. సంతకు ఆదివారం సెలవు. చాలా రెస్టారెంట్లు సోమ, మంగళవారాల్లో తెరవవు. పబ్బులు రాత్రి పొద్దుపోయే దాకా ఉన్నా, వాటిలోని వంటిళ్లు తరచుగా తొమ్మిదింటికే పొయ్యి ఆర్పేస్తాయి. రాత్రి తొమ్మిది దాటాక, మే నుంచి సెప్టెంబరు వరకైతే పది దాటాక, పిల్లలను పబ్బులో ఉండనివ్వకూడదని అక్కడి చట్టం చెబుతుంది కాబట్టి, మన ఇళ్లలో మాదిరిగా ఆలస్యంగా తినే కుటుంబాలు ఈ సంగతి ముందే చూసుకోవాలి. అక్టోబరు చివరి వారాంతంలో, 1978 నుంచి సాగుతున్న జాజ్ ఉత్సవానికి ఊరంతా నిండిపోయినప్పుడు ముందుగా బల్ల కేటాయించుకోనివారికి చోటు దొరకడం అదృష్టమే. వారం మధ్యలో సాయంత్రం తొందరగా వచ్చేవారికి రెండు మూడు వంటకాలను కలిపి తక్కువ ధరకు ఇచ్చే ఏర్పాటును అక్కడ ఎర్లీ బర్డ్ అంటారు. నడివేసవిలో పది గంటల దాకా వెలుగుండే ఆ దేశంలో సాయంత్రం ఆరింటికే భోజనానికి కూర్చోవడం కొత్తవారికి వింతగా తోచినా, ఖర్చు తగ్గించుకోదలచినవారికి అంతకంటే మంచి దారి లేదు. 2020లో వాహనాలు రాకుండా చేసి బల్లలు పరిచిన ప్రిన్సెస్ స్ట్రీట్ ఆరుబయట తినడానికి బాగుంటుంది గానీ, కార్క్ వానను దృష్టిలో పెట్టుకుని కప్పు కింద చోటు అడగడం వివేకం.

శాకాహారులకు ఈ నగరం అనుకున్నదానికంటే అనుకూలమైనది. డెనిస్ కాటర్ 1993లో ప్రారంభించిన కేఫ్ పారడిసో, మాంసం లేని లోటును పూడ్చుకునే వంటగా గాక, కూరగాయనే కేంద్రంగా చేసుకున్న వంటగా శాకాహారాన్ని నిలబెట్టి, ఐర్లండ్ వెలుపల కూడా పేరు పొందింది. అంతకుముందే 1982లో సలివాన్స్ కీ ప్రాంతంలో మొదలైన కీ కో-ఆప్ అనే సహకార సంస్థ సాదా శాకాహార భోజనాన్ని ఊరికి అలవాటు చేసింది. మాంసాహారం కూడా వడ్డించే చోట్ల మాత్రం జాగ్రత్త అవసరం, ఎందుకంటే కూరగాయల సూపును కోడి ఎముకల రసంతో కాచి ఉండవచ్చు, బంగాళాదుంప చిప్స్‌ను పశువుల కొవ్వులోనో, చేపలు వేయించిన నూనెలోనో వేయించి ఉండవచ్చు, చీజ్‌ను దూడ పొట్ట నుంచి తీసిన తోడుతో గడ్డకట్టించి ఉండవచ్చు. అలర్జీ కలిగించే 14 రకాల పదార్థాల వివరాలను రాతపూర్వకంగా ఉంచాలన్న నియమం 2014 డిసెంబరు నుంచి అమలులో ఉంది. ఆ పట్టికలో పాలు, గుడ్లు, చేపలు ఉంటాయి గానీ మాంసం ఉండదు కాబట్టి, సూపు దేనితో కాచారని నోటితో అడగక తప్పదు.

స్థానికమైన సరుకుకు ఇంత ప్రాధాన్యం ఇవ్వడాన్ని స్థానికమైన వంటకే పరిమితం కావడంగా పొరబడకూడదు. జపాన్ నుంచి వచ్చిన టకాషి మియాజాకి 2015లో కార్క్‌లో ఒక చిన్న టేక్అవే నడపడంతో మొదలుపెట్టి, 2018లో షేర్స్ స్ట్రీట్‌లో ఇచిగో ఇచీ అనే రెస్టారెంటు తెరిచి, ఐర్లండ్ చేపలకూ కూరగాయలకూ జపాన్ పద్ధతిని జోడించి కొన్ని నెలల్లోనే మిషెలిన్ నక్షత్రం సంపాదించాడు. పద్ధతి ఎంత దూరం నుంచి వచ్చినా సరుకు దగ్గరిదైతే వంట ఆ ఊరిదవుతుందని ఈ ఉదాహరణ చెబుతుంది. చదువుల కోసమో ఉద్యోగాల కోసమో కార్క్ చేరిన తెలుగువారు ఊరి మీది బెంగతో ముందుగా భారతీయ రెస్టారెంటును వెతుక్కోవడం సహజమే. అక్కడ కూడా పప్పూ మసాలా ఎక్కడివని గాక, మాంసమూ చేపా కూరగాయలూ ఎక్కడివని అడిగితే, ఏ పళ్లెంలోనైనా ఒకే రుచి వచ్చే డబ్బా గుజ్జుల వంటనూ, తాజాగా నూరి వండే వంటనూ వేరు చేసుకోవచ్చు.

చివరి లెక్క బిల్లుది. కస్టమర్లు ఇచ్చే టిప్పులను సిబ్బందికి ఎలా పంచుతున్నారో తెలిపే ప్రకటనను ప్రదర్శించాలనీ, సర్వీస్ ఛార్జి పేరుతో వసూలు చేసిన సొమ్ము కూడా సిబ్బందికే చెందాలనీ 2022 డిసెంబరు నుంచి అమలైన చట్టం నిర్దేశిస్తుంది. ఆ ప్రకటన చదివినవారికి తమ డబ్బు వడ్డించిన చేతికి చేరుతుందో లేదో తెలుస్తుంది, మెనూ చదివినవారికి అది పడవకూ పొలానికీ చేరుతుందో లేదో తెలుస్తుంది. చిన్న పడవ తెచ్చిన చేప, చిన్న పొలంలో చేసిన చీజ్ ఎప్పుడూ చవకగా రావు. వాటిని కొనే వంటింట్లో రాత్రి భోజనం అందరికీ అందుబాటులో ఉండదన్నది కాదనలేని నిజం. అయితే అటువంటి చోట్లలో చాలావరకు మధ్యాహ్నం పూట అదే సరుకును చిన్న వంటకాలుగా, తక్కువ ధరకు వడ్డిస్తాయి. కాబట్టి జేబు తేలికగా ఉన్నవారు హంగుల కోసం రాత్రి పూట రెండవ రకం చోటుకు వెళ్లేకంటే, సరుకును శ్రద్ధగా కొనే చోటుకు మధ్యాహ్నం వెళ్లి, సూపూ రొట్టే అయినా సరే తినడం మేలైన ఎంపిక.