తొంభై అక్షరాల పని

సాయంత్రం గాలి అవీర్ వైపు నుంచి మళ్లిందంటే ఇంటర్నేషనల్ సిటీలో కిటికీలు ఒక్కొక్కటే మూసుకుంటాయి. అటువైపు మురుగునీటి శుద్ధి కేంద్రం ఉంది. ఇంగ్లండ్ క్లస్టర్‌లో మేముండే మూడో అంతస్తుకి ఆ వాసన కొత్తేమీ కాదు. అందరిలాగే నేనూ కిటికీ మూస్తాను. మూసే ఆ క్షణంలో ఈ-కోలి గుర్తొస్తుంది. పొద్దున్నుంచీ నా పని దానితోనే మరి.

నేను ఆహార పరీక్షల ల్యాబ్‌లో మైక్రోబయాలజిస్టుని. హోటళ్ల నుంచి సలాడ్లు, చట్నీలు, కోసిన పండ్లు వస్తాయి. వాటిని పలుచన చేసి, ప్లేట్లలో పోసి, 44 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో పెడతాం. మర్నాడు నీలం కలిసిన ఆకుపచ్చ చుక్కలు తేలితే ఈ-కోలి ఉన్నట్టు. లెక్కపెట్టి, రాసి, సంతకం పెడతాను. రిపోర్టులో రాయడానికి చోటులేని ఒక ప్రశ్న మాత్రం నాతోనే ఇంటికి వస్తుంది. ఎవరి పేగులోంచో బయటపడి, నీళ్లలో నాని, ఫ్రిజ్‌లో కొత్తిమీర కట్ట మీద వణికి, ఇదింకా ఎలా బతికుంది?

పేగులో 37 డిగ్రీల వెచ్చదనం, ఉప్పు, పైత్యరసం. బయట చప్పటి నీళ్లు, చలి, ఆకలి. ఈ-కోలి పైపొరలో రెండు రకాల ద్వారాలున్నాయి. ఓంప్-ఎఫ్ అనేది కాస్త పెద్ద రంధ్రం, ఓంప్-సి కాస్త చిన్నది. పేగులో ఉన్నప్పుడు పెద్ద రంధ్రం తెరిచిపెడితే పైత్యపు లవణాలు లోపలికి చొరబడతాయి. కాబట్టి ఓంప్-ఎఫ్ ప్రోటీన్ తయారీ తగ్గాలి. ఎవరు తగ్గిస్తారు?

జన్యువులను ఆపేవి ప్రోటీన్లేనని శాస్త్రవేత్తలు చాలాకాలం అనుకున్నారు. 1984లో అమెరికాలో మసయోరి ఇనౌయే బృందం మరో జవాబు చెప్పింది. ఓంప్-సి జన్యువు పక్కనుంచి ఒక చిన్న ఆర్‌ఎన్‌ఏ పుడుతోంది. దాన్నుంచి ఏ ప్రోటీనూ తయారు కాదు. ఓంప్-ఎఫ్ సందేశాన్ని మోసుకొచ్చే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ మొదట్లో, రైబోజోమ్ వచ్చి కూర్చునే చోటికి వెళ్లి, అక్షరానికి అక్షరం జతకట్టి అతుక్కుంటుంది. రైబోజోమ్‌కి చోటుండదు, ప్రోటీన్ తయారు కాదు. దాని పేరు మిక్-ఎఫ్. పొడవు 93 అక్షరాలు.

మైక్రో ఆర్‌ఎన్‌ఏ కనిపెట్టినందుకు 2024లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్‌లకు నోబెల్ వచ్చినప్పుడు సంతోషించాను. వాళ్లు పురుగులో లిన్-4 గుట్టు విప్పింది 1993లో. దానికి తొమ్మిదేళ్ల ముందే ఒక బాక్టీరియా ఇలాంటి పాఠమే చెప్పిందని ఆ వారం పత్రికల్లో ఎక్కడైనా కనిపిస్తుందేమోనని వెతికాను. నేను చదివినవాటిలో లేదు. ఉండాల్సింది.

నాకు బాగా దగ్గరైన చిన్న ఆర్‌ఎన్‌ఏ మాత్రం వేరే. ఆర్‌వై-హెచ్‌బి. తొంభై అక్షరాలు. దీని లోకమంతా ఇనుము చుట్టూ తిరుగుతుంది. ఇనుము లేనిదే ఈ-కోలి బతకలేదు, మన ఒళ్లేమో రక్తంలోని ఇనుమును ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రోటీన్ చేత గట్టిగా పట్టించి ఉంచుతుంది, సూక్ష్మజీవికి దొరకనివ్వదు. కణంలో ఫర్ అనే ప్రోటీన్ ఉంది. ఇనుము నిండుగా ఉన్నప్పుడు అది డీఎన్‌ఏ మీద కూర్చుని కొన్ని జన్యువులను మూసిపెడుతుంది. అంటే ఫర్ పని ఆపడం. అయినా కొన్ని జన్యువులు ఫర్ ఉంటేనే బాగా పనిచేస్తున్నాయి. ఆపేవాడు ఉంటేనే పని సాగడమేమిటన్నది చాలాకాలం తేలలేదు. 2002లో ఎరిక్ మస్సే, సూజన్ గాట్స్‌మన్ ముడి విప్పారు. ఫర్ మూసిపెట్టే వాటిలో ఆర్‌వై-హెచ్‌బి ఒకటి. ఇనుము తగ్గితే ఫర్ జారిపోతుంది, ఆర్‌వై-హెచ్‌బి పుడుతుంది. పుట్టి, ఇనుమును ఎక్కువగా వాడుకునే ప్రోటీన్ల సందేశాలను వెతికి పట్టుకుని అతుక్కుంటుంది. ఆర్‌ఎన్‌ఏజ్-ఇ అనే కత్తెర వచ్చి రెంటినీ కలిపి తుంచేస్తుంది. అవును, రెంటినీ. సందేశంతోపాటు దాన్ని ఆపిన చిన్న ఆర్‌ఎన్‌ఏ కూడా పోతుంది. మస్సే బృందం ఈ సంగతి 2003లో చూపించింది.

ఈ పొదుపు నాకు అర్థమైంది పుస్తకంలో కాదు, ఇక్కడే. దుబాయ్ వచ్చిన తొలి ఏడాది ఇంటర్నేషనల్ సిటీలోనే ఒక స్టూడియోలో నలుగురం ఆడవాళ్లం బెడ్ స్పేస్‌లో ఉండేవాళ్లం. ఒక నెల ముగ్గురికి జీతాలు ఆగాయి. మాలో పెద్దావిడ, మేమంతా అక్కా అని పిలిచే ఆమె, కాగితం తీసి మేం కొనాలనుకున్నవన్నీ రాయించింది. ఒక్కొక్కటే కొట్టేసింది. అద్దె, ఊరికి పంపేది, బియ్యం మాత్రమే మిగిల్చింది. అప్పటికే చెప్పిపెట్టిన మిక్సీని కూడా వద్దని ఫోన్ చేయించింది. ఈ ఆఖరి మాటే ముఖ్యం. ప్రోటీన్ వెళ్లి జన్యువును మూస్తే కొత్త సందేశాలే ఆగుతాయి, అప్పటికే రాసి పంపినవి నడుస్తూనే ఉంటాయి. చిన్న ఆర్‌ఎన్‌ఏ అయితే పంపేసిన ఆర్డరును కూడా రద్దు చేస్తుంది. పైగా దాన్ని తయారుచేయడం చవక. ఈ-కోలి సెకనుకు నలభై యాభై ఆర్‌ఎన్‌ఏ అక్షరాలు రాయగలదు. తొంభై అక్షరాలంటే రెండు సెకన్ల పని.

ఆ రెండు సెకన్ల విలువ నా చేతులకు ముందే తెలుసు. విశాఖలో ఎమ్మెస్సీ అయ్యాక హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో రెండేళ్లు ఆర్‌ఎన్‌ఏతో పనిచేశాను. ఈ-కోలిలో చాలా మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏల ఆయుష్షు కొద్ది నిమిషాలే. రిఫాంపిసిన్ అనే మందు వేసి కొత్త రాత ఆపేస్తాం. రెండో నిమిషం, నాలుగో నిమిషం, ఎనిమిదో నిమిషం కొంచెం కొంచెం తీసి అక్కడికక్కడ చంపేయాలి. చెయ్యి తడబడితే కణం మనసు మార్చుకుంటుంది, మనం కొలిచేది పాత సంగతి కాదు. ఆర్‌ఎన్‌ఏను తినేసే ఎంజైములు మన వేళ్ల చెమటలోనే ఉన్నాయి. మరిగించినా చావవు. మొదటి మూడు నెలలు జెల్ మీద రెండు గీతలు తేటగా రావాల్సిన చోట నాకు పొగలా పరుచుకున్న మరక వచ్చేది. పక్కన నిలబడి చూసిన సీనియర్ అక్క ఒకటే చెప్పింది: "మొదలెట్టే ముందే అంతా అయిపోవాలమ్మా." ట్యూబుల మీద పేర్లు, ఐసు, వేడి ఫినాలు, రెండు జతల గ్లవ్స్. ఆ తర్వాత మరక పోయింది, గీతలు నిలబడ్డాయి. ఇవాళ్టికీ సలాడ్ ప్యాకెట్ విప్పే ముందు నా ప్లేట్ల మీద పేర్లన్నీ రాసి ఉంటాయి.

చిన్న ఆర్‌ఎన్‌ఏకీ సందేశానికీ జత కలపడానికి కూడా మనిషి కావాలి. హెచ్‌ఎఫ్‌క్యు అనే ప్రోటీన్ ఆరు ముక్కల ఉంగరంలా ఉండి చాలా చిన్న ఆర్‌ఎన్‌ఏలకు పెళ్లిళ్ల పేరయ్యలా పనిచేస్తుంది. 1968లో ఒక వైరస్‌కు అక్కరకొచ్చే ప్రోటీన్‌గా బయటపడింది. ఈ సంబంధాలు కుదిర్చే పని తేలడానికి ముప్పై ఏళ్లకు పైగా పట్టింది. చిన్న ఆర్‌ఎన్‌ఏలన్నీ ఆపేవే అనుకోకూడదు. చలి పెరిగితే డీఎస్‌ఆర్-ఎ అనే 87 అక్షరాలది, తనలో తాను ముడుచుకుపోయిన, ఆర్‌పిఓ-ఎస్ అనే కష్టకాలపు ప్రోటీన్ సందేశానికి అతుక్కుని ఆ మడత విప్పుతుంది. రైబోజోమ్‌కి దారి దొరుకుతుంది. కణం కష్టకాలానికి సిద్ధమవుతుంది. ఒంటి వెచ్చదనం దాటి బయటపడ్డ ఈ-కోలికి కావాల్సింది ఇదే. కొత్తిమీర ప్రశ్నకు జవాబులో ఒక ముక్క నాకు అక్కడ దొరికింది.

పై ఫ్లాట్‌లో పన్నెండో తరగతి అమ్మాయి నీట్‌కి చదువుతోంది. మొన్న శుక్రవారం పుస్తకం పట్టుకుని వచ్చింది. "ఆంటీ, నాన్ కోడింగ్ ఆర్‌ఎన్‌ఏ అంటే ప్రోటీన్ చెయ్యదు కదా. అయితే వేస్టే కదా?" అంది. నేను తన నోట్సు తీసుకుని, డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ నుంచి ప్రోటీన్ అని తను వేసిన బాణాల పక్కన, ఒక ఆర్‌ఎన్‌ఏ నుంచి ఇంకో ఆర్‌ఎన్‌ఏకి అడ్డంగా మరో బాణం గీశాను. 2001లో మూడు బృందాలు విడివిడిగా ఈ-కోలిలో జన్యువుల మధ్య ఖాళీ అనుకున్న చోట్లలో వెతికితే ఇలాంటివి వరసగా బయటపడ్డాయని, ఇవాళ ఆ ఒక్క బాక్టీరియాలోనే దాదాపు వంద దాకా తెలుసని చెప్పాను. పిల్ల కాసేపు ఆ బాణాన్నే చూసి, "ఇది మాకెవరూ వెయ్యలేదు ఆంటీ" అంది.

ఇంటర్ పిల్లలకు జీవశాస్త్రం చెప్పే మాస్టార్లకు, టీచరమ్మలకు నా మనవి ఒక్కటే. బోర్డు మీద ఆ రెండు బాణాలు గీసినప్పుడు మూడోది కూడా గీయండి. పక్కన మిక్-ఎఫ్, 93 అక్షరాలు, 1984 అని రాయండి.