సిలికా స్పాంజి కాదు

దేవరాపల్లి చెంత శారదానదిలో ఎండకు మెరయు ఇసుకలో అధికభాగము సిలికాయే. 2022లో ఏర్పడిన అనకాపల్లి జిల్లాలోనే, పరవాడ వద్ద, మందులు చేయు కర్మాగారములు పెక్కు కలవు. నీటిలో సరిగా కరగని మందులను సిలికా రేణువులలో నింపి రోగికిచ్చు పద్ధతిని గూర్చి చదువు విద్యార్థికి ఈ రెండును ఎరిగినవే. అయితే ఆ పద్ధతిని వివరించువారు తరచుగా ఒకే ఉపమానము వాడుదురు. సిలికా స్పాంజి వంటిదనియు, మందును పీల్చుకొని కడుపులో వదలుననియు చెప్పుదురు. వినుటకు సులభమే, కాని అసలు సంగతి దీనిచాటున మరుగుపడుచున్నది.

స్పాంజిలోని నీరు నీరుగానే యుండును. సిలికాలోని మందు మందుగానే యున్నను దాని స్థితి మారును. స్ఫటికములో అణువులు బిగువుగా పేర్చబడియుండుటచే వాటిని విడదీయుట నీటికి కష్టము. మందును వేరొక ద్రావకములో కరగించి, సిలికా రంధ్రములలోనికి పంపి, ద్రావకమును ఆవిరిచేసినచో, కొద్ది నానోమీటర్ల వెడల్పుగల ఆ ఇరుకులో స్ఫటికము పెరుగుటకు చోటుండదు. అణువులు క్రమము లేక గోడల నంటియుండి, నీరు తగిలినంతనే విడివడును. శారదానది ఇసుకకు ఈ గుణము లేదు. దాని రేణువు గట్టిది, రంధ్రములు లేనిది. 1992లో అమెరికాలోని మొబిల్ సంస్థ పరిశోధకులు ప్రకటించిన ఎమ్.సి.ఎమ్.-41 అను పదార్థమున, సబ్బువంటి అణువుల గుంపులను అచ్చుగా వాడి, చుట్టును సిలికాను పేర్చి, పిదప అచ్చును కాల్చివేసిరి. మిగిలినవి వరుసదీరిన గొట్టములు.

ఇచట వింత యొకటి కలదు. 2001లో స్పెయిన్ దేశమున మరియా వాలెట్-రెగి బృందము ఇబుప్రొఫెన్‌ను ఈ గొట్టములలో నింపినది మందు మెల్లగా వెలువడుటకే! వేగమును నిర్ణయించునది సిలికా పేరు కాదు. రంధ్రముల వెడల్పు, గోడల స్వభావము, మందు గుణము.

బెల్లపు పొడి అచ్చుకంటె త్వరగా కరగును. కాని గ్లాసెడు నీటిలో కరగగల బెల్లము మొత్తము పెరగదు. సిలికానుండి వెలువడు మందు కొంతసేపు ఆ హద్దును కూడ దాటును. అది అతిసంతృప్త ద్రావణము. ప్రయోగశాలలో హైపోతో దీనిని చూపని ఉపాధ్యాయుడుండడు: చిన్న పలుకు పడినంతనే అంతయు గడ్డకట్టును. కడుపులోను మందు తిరిగి స్ఫటికమై అడుగున చేరవచ్చును. పరీక్షాపాత్రలో తరచుగా 900 మిల్లీలీటర్ల ద్రవము పోసి, ఒక్కొక్కపుడు సబ్బువంటి పదార్థమును కలిపి చూతురు. అంత ద్రవములో ఈ లోపము బయటపడదు. అట్టి పరీక్షలో రేఖ నిటారుగా లేచినంతమాత్రమున మందు రక్తములో చేరినదనుట తొందరపాటు.

మోతాదు లెక్క మరింత కఠినము. నింపిన పొడిలో మందు నూటికి 20 పాళ్లైనచో, 500 మిల్లీగ్రాముల మందుకు 2000 మిల్లీగ్రాముల సిలికా కావలెను. అది మ్రింగదగిన మాత్ర కాదు. స్ఫటికరహిత సిలికా మాత్రలలో చిరకాలముగా వాడబడుచున్నదే, కాని స్వల్పముగా. (పీల్చిన రాతిధూళి ఊపిరితిత్తులకు చేయు హాని వేరు, అది స్ఫటికరూప సిలికా.) కావున ఈ పద్ధతి స్వల్ప మోతాదు మందులకే తగును.

మనుష్యులమీద చూచిన సందర్భములు కొద్ది. 2016లో ప్రకటింపబడిన యొక పరీక్షలో, రక్తములోని క్రొవ్వును తగ్గించు ఫెనోఫైబ్రేట్‌ను సిలికాతో 12 మంది ఆరోగ్యవంతుల కిచ్చి, వారి రక్తమునే పరీక్షించిరి. వాడుకలోనున్న మందుకంటె ఎక్కువ శోషణ కనబడినది. అది ఒక్క మోతాదుకు, పరగడుపున.