వైరస్ ముల్లును పట్టే యాంటీబాడీ

ఫ్లూ వైరస్ ఒంటి నిండా ముళ్లే. వాటిలో ఎక్కువ వంతు హీమాగ్లుటినిన్ అనే ప్రోటీన్. మన శ్వాసనాళాల్లోని కణాలను పట్టుకుని వైరస్‌కు లోపలికి దారి చేసేది ఇదే. దీన్ని గుర్తుపట్టే యాంటీబాడీలు ప్రయోగశాలల్లో ఎన్నో ఉన్నాయి. అయితే ఏ యాంటీబాడీ అయినా ముల్లును ఎక్కడ పట్టుకుంటుందో తెలిసినప్పుడే అది చెప్పే మాటకు విలువ.

1941లో అమెరికాలో జార్జ్ హర్స్ట్ కోడిగుడ్లలోని పిండాల్లో ఫ్లూ వైరస్‌ను పెంచుతున్నాడు. రక్తనాళం తెగి రక్తం గుడ్డు ద్రవంలో కలిసినప్పుడు ఎర్రకణాలు గుంపులు కట్టడం ఆయన కంటపడింది. ఆ చూపు నుంచి పుట్టిన పరీక్ష ఇప్పటికీ నడుస్తోంది. ప్లాస్టిక్ ప్లేటు గుంటల్లో రక్తం నుంచి తీసిన సీరంను 10 రెట్లు, 20 రెట్లు, 40 రెట్లు ఇలా పలచన చేస్తూ పోతారు. కొలిచిన వైరస్ కలిపి, కాసేపు ఆగి, కోడి లేదా టర్కీ ఎర్రకణాలు వేస్తారు. సీరంలో తగినంత యాంటీబాడీ ఉంటే ముళ్లు మూసుకుపోతాయి, కణాలు అడుక్కి దిగి చిన్న ఎర్ర బొట్టుగా కూర్చుంటాయి. లేకపోతే వైరస్ ఎర్రకణాలను ఒకదానికొకటి ముడివేసి గుంట అడుగంతా పలచటి పొరగా పరుస్తుంది. అనుమానం వస్తే ప్లేటును వాల్చి చూడాలి. విడిగా ఉన్న కణాలు కన్నీటి చారలా జారతాయి. ఖరీదైన యంత్రం లేకుండా, అనుభవం ఉన్న కన్ను చదివే ఈ పరీక్ష నాకెంతో ఇష్టం. టీకాలో ఏ వైరస్ పెట్టాలో తేల్చడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా ఫిబ్రవరిలో, సెప్టెంబరులో జరిపే సమావేశాల్లో ఫెరెట్ అనే జంతువుల సీరంతో చేసిన ఈ పరీక్ష ఫలితాలనూ చూస్తారు.

సీరంలో రకరకాల యాంటీబాడీలు కలిసి ఉంటాయి. ఒక్క రకాన్నే విడదీసి, కావలసినంత తయారుచేసుకునే దారిని 1975లో కేంబ్రిడ్జ్‌లో కోలర్, మిల్‌స్టీన్ చూపించారు. టీకా వేసిన ఎలుక ప్లీహకణాన్ని క్యాన్సర్ కణంతో కలుపుతారు. ప్రత్యేక ద్రవంలో జతకట్టని క్యాన్సర్ కణాలు చచ్చిపోతాయి, ప్లీహకణాలు వాటంతట అవే నశిస్తాయి. బతికిన జంట కణాలను గుంటకొకటి చొప్పున విడదీసి పెంచితే ప్రతి గుంటా ఒకే యాంటీబాడీ ఇస్తుంది.

అలాంటిదే 1993లో జపాన్ శాస్త్రజ్ఞులు ప్రకటించిన సీ179. అది హెచ్1, హెచ్2 రకాల వైరస్‌లు రెంటినీ అడ్డుకుంది, కానీ ఎర్రకణాల పరీక్షలో మాత్రం ఏమీ కనిపించలేదు. అది పట్టుకున్నది ముల్లు తలను కాదు, కాండాన్ని. కణాన్ని అంటుకునే తల ఖాళీగానే ఉంది. బొట్టు రాలేదంటే యాంటీబాడీ పనికిరాదని అర్థం కాదన్నమాట. ప్రోటీన్‌ను యాంటీబాడీతో గుర్తించి గీతగా (బ్యాండ్) చూపే వెస్టర్న్ బ్లాట్ అనే పరీక్షలో ఇంకో చిక్కు: అక్కడ ప్రోటీన్ మడతలు విప్పేస్తారు కాబట్టి మడత ఆకారాన్నే గుర్తుపట్టే యాంటీబాడీకి బ్యాండ్ రాదు. అందుకే యాంటీబాడీని కొనేముందు అది ఏ పరీక్షకు పనికొస్తుందో అడగాలి. వైరస్ లేని కణాల నమూనాను పక్కనే నడపాలి. అందులోనూ బ్యాండ్ వస్తే ఆ ఫలితాన్ని నేను నమ్మను.

పట్టుకునే చోటు కచ్చితంగా తెలిస్తే ఎంత ఉపయోగమో 12సీఏ5 అనే యాంటీబాడీ చూపించింది. హీమాగ్లుటినిన్‌లో తొమ్మిదే అమైనో ఆమ్లాల ముక్కను అది పట్టుకుంటుందని 1984లో అమెరికాలోని స్క్రిప్స్ పరిశోధకులు తేల్చారు. ఇప్పుడు ఫ్లూతో సంబంధం లేని ప్రోటీన్‌కైనా ఆ తొమ్మిదింటినీ తగిలించి, అలాంటి యాంటీబాడీతోనే దాన్ని కణంలో వెతుకుతున్నారు.