లోడు దిగిన రోజు కొనొద్దు

శ్రావణంలో మల్లెపూల ధర గురించి ఏడవకూడదని ఏటా అనుకుంటాను. వరలక్ష్మీ వ్రతం ముందురోజు గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో అడుగు పెట్టగానే ఆ నిర్ణయం కాస్తా గాలికి పోతుంది. నిజానికి ఇందులో పూలవాళ్ల తప్పేమీ లేదు. మల్లెకు అసలు కాలం ఎండాకాలం. చలికాలంలో నీళ్లు ఆపేసి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించి, ఆ తర్వాత మళ్లీ నీళ్లు పెడితే ఫిబ్రవరి, మార్చి నుంచి తోట విరగబూస్తుంది. శ్రావణం వచ్చేసరికి చెట్టు అలిసిపోయి ఉంటుంది. మనకేమో పూజలు సరిగ్గా అప్పుడే మొదలవుతాయి. ధర పెరగక ఏమవుతుంది?

ఈ వారం ఒళ్లు మండించింది ధర కాదు, ఒక డబ్బా. మా అపార్ట్‌మెంట్లో ఒకమ్మాయి ఫోన్లో ఆర్డరు పెట్టి పది నిమిషాల్లో విడి మల్లెలు తెప్పించింది. ప్లాస్టిక్ డబ్బా, మూత లోపలంతా చెమ్మ, అంచున ఉన్న పూలు అప్పుడే గోధుమరంగుకు తిరిగాయి. “గ్రాముల్లో ఇస్తారు ఆంటీ, మోసం ఉండదు” అంది. మూరలో మోసం ఉంటుంది, కాదనను. మా వీధి పూలామె మోచెయ్యి పొట్టిదన్న అనుమానం నాకు ఎప్పట్నుంచో ఉంది. కానీ ఆ మూరలో కట్టుకూలి కూడా కలిసి ఉంటుంది. గ్రాముల్లో వచ్చిన పూలను కట్టే వేళ్లు ఆ ఇంట్లో లేవు. చివరికి డబ్బా పట్టుకుని మా ఇంటికే వచ్చింది. గొణుగుతూనే కట్టిచ్చాను.

గొణుగుడు విన్న ఆ అమ్మాయి, అసలు మొక్కే కొనుక్కుంటే పోలా, ఎక్కడ కొనమంటారు అని అడిగింది. ఈ కాలమ్ చదివేవాళ్లకు నా జవాబు కంఠతా వచ్చు. మొక్క కావాలంటే కడియం నర్సరీలకు వెళ్లాలి. మధ్యలో దళారీ చేతికి డబ్బులెందుకు పొయ్యాలి?

రాజమండ్రి నుంచి రావులపాలెం వైపు జాతీయ రహదారి మీద పోతుంటే వేమగిరి దాటాక ఊరు కనబడదు, మొక్కలే కనబడతాయి. కడియపులంక, బుర్రిలంక, పొట్టిలంక, అన్నీ పేర్లలోనే గోదావరి ఉన్న ఊళ్లు. నది తెచ్చి పోసిన ఒండ్రుమట్టి, ధవళేశ్వరం నుంచి వచ్చే కాలవ నీళ్లు, గాలిలో ఎప్పుడూ ఉండే తడి. ఆడవాళ్లు వరసగా కూర్చుని నల్ల కవర్లలో మట్టి కూరుతుంటారు. ఒక చేత్తో కవరు నోరు తెరిచి, రెండో చేత్తో మట్టి వేసి, బొటనవేళ్లతో అంచు చుట్టూ అదిమి, మధ్యలో కొమ్మ గుచ్చి పక్కన పెట్టేస్తారు. చూపు మాత్రం కవరు మీద ఉండదు, కబుర్లు చెప్పే మనిషి మీద ఉంటుంది.

మా మేనత్తది ఆ పక్క ఊరే. ఆవిడ జన్మలో డబ్బు పెట్టి మొక్క కొనలేదు. అడిగి తెచ్చుకున్నది బతకడం కష్టం, అడక్కుండా తెచ్చుకున్నది మానై కూర్చుంటుంది అని ఆవిడ సిద్ధాంతం. పేరంటానికి వెళ్తే తాంబూలంతో పాటు నందివర్ధనం కొమ్మో, గన్నేరు కొమ్మో కొంగులో వచ్చేది. వానాకాలంలో ఆవిడ ఏది గుచ్చినా నాటుకునేది కూడాను. ఒకసారి నన్ను వెంటబెట్టుకుని నర్సరీకి వెళ్లి, అంతా తిరిగి, ఏమీ కొనకుండా బయటికొస్తుంటే యజమాని ఎదురొచ్చాడు. కొంగు చివర సంపెంగ ఆకు బయటికి కనబడుతోంది. ఆయన నవ్వి, “అమ్మగారూ, సంపెంగ కొమ్మ గుచ్చితే రాదండి. అంటు కట్టాలండి” అని, మూడడుగుల అంటు మొక్క తెచ్చి చేతికిచ్చి, డబ్బులు తీసుకున్నాడు. దొరికిపోయినందుకు అత్తయ్యకు సిగ్గు లేదు. డబ్బులు పుచ్చుకున్నందుకు మాత్రం ఆయన్ని చాన్నాళ్లు తిట్టింది. ఆ సంపెంగకి నీళ్లు పోయడానికి కూడా మొదట్లో మనసొప్పేది కాదు, కొన్న చెట్టని.

సరే, కడియం వైభోగం అది. అక్కడి మొక్క హైదరాబాదు మిద్దె ఎక్కాక ఏమవుతుందో ఎవరింట చూసినా ఒకటే కథ. నిండా మొగ్గలతో మందారం తెస్తారు. వారం తిరక్కుండా మొగ్గలన్నీ పసుప్పడి రాలిపోతాయి. నీడవల కింద, తడిగాలిలో పెరిగిన లేత ఆకు అది. సుమారు 400 కిలోమీటర్లు లారీ మీద గాలికి ఎండి, దిగీ దిగగానే దక్కను ఎండలో సిమెంటు మిద్దె మీద నిలబడుతుంది. పైగా మనవి బోరు నీళ్లు. వేరు చుట్టూ ఉన్న మట్టి ఇంకో తంటా. దారిలో చెదరకుండా బంకమట్టి ముద్దలో పెట్టి పంపుతారు. దాన్ని అలాగే కొబ్బరిపొట్టు నింపిన కుండీలో దించితే, పోసిన నీళ్లు పక్కల నుంచి జారిపోతాయి. పైన అంతా తడి, లోపల ముద్ద ఇటుకలా పొడిగా ఉంటుంది. తెచ్చినవాళ్లేమో నీళ్లు ఎక్కువయ్యాయనుకుని మానేస్తారు.

మా సందు చివర, ప్రహరీగోడకు ఆకుపచ్చ వల కట్టి మొక్కలమ్మే కుర్రాడిదీ కడియమే. అతని దగ్గరున్న సరుకూ అక్కడిదే, ధర మాత్రం అక్కడికి రెట్టింపు. ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లి బొడ్డుమల్లె ఒకటి వేలు పెట్టి చూపిస్తే, “అది రాత్రే దిగిందండి. ఇంకో పది రోజులు నా దగ్గర ఉండనివ్వండి. ఉండేదైతే ఉంటది” అన్నాడు. అమ్మేవాడు అమ్మనంటే నాకు అతని మీద గౌరవం కలిగింది. షెడ్డు వెనక చూద్దును కదా, ఎండుపుల్లలు నిలబడ్డ కవర్లు నడుమెత్తు కుప్ప. మన మిద్దె మీద చావాల్సినవి అతని దగ్గర చచ్చాయి. ఆ రెట్టింపు ధరలో సగం ఆ కుప్పదే.

దళారులను తిట్టడం ఈ కాలమ్‌కు అలవాటు. ధాన్యం దగ్గరా, మామిడి దగ్గరా తిడుతూనే ఉంటాను. ఈ దళారీ చేసే పని మాత్రం కడియంలో ఎవరూ చేయలేరు. మొక్కకు ఈ ఊరి నీళ్లు, ఈ ఊరి ఎండ అలవాటు చేసి ఇస్తున్నాడు. అందుకని కడియం చూడ్డానికి వెళ్లండి, నేనూ వస్తాను. మొక్క మాత్రం సందు చివరే కొనండి.

కొనేటప్పుడు కాస్త వంగి చూడండి. గులాబీకి అంటు కట్టిన ముడి ఎక్కడుందో వెతకండి. దానికి కింద నుంచి వచ్చే చిగురు గులాబీది కాదు, అంటు కట్టిన అడుగు మొక్కది. అది లేస్తే పైదాన్ని తినేస్తుంది, మొదట్లోనే పీకెయ్యాలి. చేమంతికి రాత్రులు పొడుగైతేనే మొగ్గ పడుతుంది. తెల్లవార్లూ లైటు వెలిగే బాల్కనీలో పెట్టి పూయడం లేదని కుర్రాడితో పోట్లాడకండి.

ఆ కుర్రాడు వాట్సాప్‌లో ఫొటోలు కూడా పెడతాడు. అన్నీ నిండా పూలున్నవే. ఆకు రాల్చి మళ్లీ ఇగురేసినవాటిని పెట్టవేమయ్యా అంటే, బోడిగా ఉన్నవి ఎవరూ కొనరండి అన్నాడు. అవి వెనక వరసలో, గోడవారగా ఉంటాయి. అడిగితే ఇస్తాడు, రేటు తగ్గించి మరీ.