పక్క గదిలో ఒక చెవి

మాండొలిన్ శ్రీనివాస్‌కి కర్ణాటక సంగీతం నేర్పిన గురువుకి మాండొలిన్ వాయించడం రాదు. పాలకొల్లులో 1969లో పుట్టిన ఆ పిల్లవాడు ఆరేళ్ల వయసులో తండ్రి మాండొలిన్ ఒళ్లో పెట్టుకుని మీటడం మొదలుపెట్టాడు. తండ్రి సత్యనారాయణ గారు క్లారినెట్ వాయించేవారు, సంగీతం తెలిసిన మనిషే. అయినా అంతా తనే నేర్పాలనుకోకుండా, కొడుకుని తన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి అప్పగించారు. చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులైన సుబ్బరాజు గారు పాఠం పాడేవారు. విన్నది తీగ మీద ఎక్కడుందో పిల్లవాడు వెతుక్కునేవాడు. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ చేసేనాటికి వాడికి తొమ్మిదేళ్లు.

బాలమేధావుల కథల్లో ఒకటిగా దీన్ని చెప్పుకుంటూ ఉంటాం. నాకు మాత్రం ఇందులో పిల్లవాడి కంటే ఆ ఇద్దరు పెద్దవాళ్లే ఎక్కువ ఆసక్తిగా కనిపిస్తారు. వాద్యమే తెలియని గురువు గొంతుతో నేర్పారు. సంగీతం తెలిసిన తండ్రి తన పని ఎక్కడ ఆగాలో తెలుసుకున్నారు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఇంట్లోనూ ఇదే జరిగింది. తండ్రి పట్టాభిరామయ్య గారు వేణువు వాయించేవారు, కొడుకుని మాత్రం పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి దగ్గర పెట్టారు. దీనికి మినహాయింపులూ ఉన్నాయి. చూపులేని వయొలిన్ విద్వాంసుడు ఎం. చంద్రశేఖరన్‌కి తల్లి చారుబాల మోహనే గురువు. ఆవిడ స్వయంగా విదుషీమణి కాబట్టి అది వేరే సంగతి. ఈ వ్యాసం అలాంటి ఇళ్ల గురించి కాదు. సరిగమలు కూడా రాని అమ్మానాన్నలు బిడ్డ చేతికి ఫిడేలు ఇచ్చి, ఆ తర్వాత ఏం చెయ్యాలో తోచక నిలబడిపోయిన ఇళ్ల గురించి.

గురుకులంలో శిష్యుడు గురువుగారింట్లోనే ఉండేవాడు. పాఠం అరగంటే అయినా, మిగతా రోజంతా వాడు చేసే సాధన గురువుగారి చెవిన పడుతూనే ఉండేది. వంటింటి వైపు నుంచో, అరుగు మీది నుంచో ‘ఆ రిషభం పైకి పోతోందిరా’ అని ఓ కేక వినిపించేది. తప్పు పాతుకుపోయేలోపే దిద్దుబాటు జరిగేది. ఇప్పుడు వారానికి రెండు క్లాసులు, ఒక్కోటి ముప్పావుగంట. మిగిలిన అయిదు రోజులూ పిల్లలు ఒంటరిగా వాయిస్తారు. తప్పు అయిదు రోజుల పాటు చేతికి అలవాటైపోయాక గురువుగారి ముందుకు వస్తుంది. పాతది మరిపించి కొత్తది నేర్పడం, మొదటిసారి నేర్పడం కంటే కష్టం. పక్క గదిలో ఉండాల్సిన ఆ చెవిని ఇప్పుడు ఇల్లే ఇవ్వాలి. దానికి సంగీతం రానక్కర్లేదు. ఈ సంప్రదాయం తొలి పాఠాలను ఎలా అమర్చిందో కొంచెం తెలిస్తే చాలు.

పురందరదాసు ఏర్పరచాడని చెప్పుకునే పాఠక్రమమే ఇప్పటికీ నడుస్తోంది. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, పిళ్ళారి గీతాలు, తర్వాత స్వరజతులు, వర్ణాలు. మొదటి పాఠాలన్నీ మాయామాళవగౌళలోనే. ఎందుకా రాగం? స రి గ మ తీసుకోండి. స నుంచి రికి చిన్న అడుగు, రి నుంచి గకి పెద్ద అడుగు, గ నుంచి మకి మళ్లీ చిన్న అడుగు. ప ద ని స చూడండి, అచ్చం అవే అడుగులు. గొంతుకి ఇది సౌకర్యమైతే ఫిడేలు పట్టిన చేతికి అంతకంటే ఎక్కువ. మన ఫిడేలు తీగలను స, ప, స, ప అని శ్రుతి చేస్తారు. ఖాళీ తీగ మీద స, చూపుడువేలు రి, నడిమివేలు గ, ఉంగరపువేలు మ. పక్క తీగకి వెళితే ఖాళీగా ప, మళ్లీ అవే వేళ్లు, అవే ఎడాలు. ఒక తీగ మీద చెయ్యి నేర్చుకున్నది రెండో తీగకి అప్పనంగా వచ్చేస్తుంది.

ఫిడేలుకి మెట్లు లేవు. వీణ మీద మెట్టు దగ్గర నొక్కితే స్వరం తన చోట తాను పలుకుతుంది. ఇక్కడ వేలు వెంట్రుకవాసి జరిగితే అపశ్రుతే. అందుకే ముందు పాడించాలి. గొంతులో లేని స్వరం వేలికి దొరకదు. కొత్త పాఠం ఏదైనా పిల్లలు ఫిడేలు పెట్టె తెరవకముందే తాళం వేస్తూ ఒకసారి పాడాలి. గొంతు బాగుందా లేదా అన్న ప్రశ్నే లేదు. ‘నేను పాట నేర్చుకోవట్లేదు కదా, వయొలిన్ కదా’ అని పదేళ్ల పిల్ల వాదిస్తుంది. కచేరీలో వయొలిన్ చేసే పనే గాయకుడి వెనకాలే, అర క్షణం తేడాతో, ఆ గొంతుని అనుసరించడం అని దానికి చూపించాలి. కచేరీకి తీసుకెళ్లి, వయొలిన్ విద్వాంసుడి ఎడమచెయ్యి కనబడే వైపు కూర్చోబెడితే చాలు, ఆ వాదన సగం అక్కడే తీరుతుంది.

శ్రుతి సంగతి. తంబూరా ఇంట్లో ఉండే రోజులు పోయాయి. శ్రుతి పెట్టె ఉన్నా, ఫోనులో తంబూరా యాప్ ఉన్నా సరిపోతుంది. సాధన మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా అది మోగుతూ ఉండాలి. సంగీతం రాని తల్లిదండ్రులకి శ్రుతి కలిసిందో లేదో ఎలా తెలుస్తుంది? కంటితో చూడొచ్చు. సన్నని పంచమం తీగ మీద ఉంగరపువేలితో పై షడ్జం వాయించమనండి. ఆ స్వరం సరిగ్గా పడితే, కమాను తగలని పక్క తీగ, మధ్య షడ్జం తీగ, దానంతటదే సన్నగా వణుకుతుంది. దగ్గరగా చూస్తే కనబడుతుంది, వింటే గది కొంచెం పెద్దదైనట్టు నాదం విచ్చుకుంటుంది. వేలు కాస్త తప్పితే ఆ వణుకు ఉండదు. దీన్ని ఆటగా పెట్టుకున్న ఇళ్లలో పిల్లలు తమ తప్పు తామే పట్టుకుంటారు. అమ్మ ‘తప్పు’ అనే అవసరం రాదు. అనకపోవడమే మంచిది కూడా. ఎందుకంటే తెలియని చెవి దిద్దబోతే సగంసార్లు సరైనదాన్నే దిద్దుతుంది.

కమాను చప్పుడు కూడా ఇలాగే చదువుకోవచ్చు. బరబరమంటే నొక్కు ఎక్కువైంది. గాలి ఊదినట్టు వస్తే నొక్కు చాలలేదు, లేదా కమాను బ్రిడ్జిని వదిలి వేళ్ల వైపు జారిపోయింది. తీగ అసలు పలకకుండా జారితే రోజిన్ రాయలేదు. తెల్లగా పొడి రాలుతుంటే మరీ ఎక్కువ రాశారు. మొదటి ఏడాది ఇంట్లో వినబడేది చాలావరకు ఈ చప్పుళ్లే. అపార్ట్‌మెంట్లో పక్కింటివాళ్ల సహనం గురించి నేనేం చెప్పలేను.

తాళం మాత్రం తల్లిదండ్రులు నేర్చుకుని తీరాలి. ఆది తాళం పది నిమిషాల పని. ఒక దెబ్బ, చిటికెన వేలి నుంచి మూడు వేళ్ల లెక్క, తర్వాత దెబ్బా విసురూ, దెబ్బా విసురూ. మొత్తం ఎనిమిది. గాత్రం నేర్చుకునే పిల్లలు తమ తాళం తామే వేసుకుంటారు. ఫిడేలు పట్టుకున్నవాళ్లకి రెండు చేతులూ ఖాళీ ఉండవు. మూడో చెయ్యి ఇంట్లోవాళ్లదే కావాలి. మొదటి కాలంలో దెబ్బకొక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. వేసే చెయ్యి వేగం మారకూడదు, మారేది స్వరాల వేగమే. పిల్లలు వచ్చినచోట పరిగెడతారు, రానిచోట నెమ్మదిస్తారు. ఎదురుగా కూర్చుని కదలకుండా తాళం వేసే మనిషి ఒకరుంటే ఈ జబ్బు నెలల్లో కుదురుతుంది. కమాను కూడా ఈ లెక్కకే లోబడుతుంది. సాధారణంగా మొదటి కాలంలో స్వరానికొక నిండు కమాను లాగిస్తారు, వేగం పెరిగేకొద్దీ ఒక్క లాగుడులో రెండు, నాలుగు స్వరాలు పలికిస్తారు. అలంకారాలకొచ్చేసరికి ధ్రువ తాళానికి పద్నాలుగు, మఠ్యానికి పది, రూపకానికి ఆరు అక్షరాలు. అక్కడ తండ్రీ కూతురూ కలిసి తప్పుతారు, కలిసి నవ్వుకుంటారు. అది సాధనకి చేసే మేలు తక్కువేం కాదు.

ఇక వాద్యం కొనడం. ఫిడేళ్లు పావు, అర, ముప్పావు, నిండు సైజుల్లో, ఇంకా చిన్నవాటిలోనూ దొరుకుతాయి. ఎదిగే పిల్లాడు కదా అని స్కూలు యూనిఫాం ఒక సైజు పెద్దది కుట్టించినట్టు ఫిడేలు కూడా పెద్దది కొంటారు. చొక్కా వదులైతే మడత పెట్టుకోవచ్చు, ఫిడేలు పెద్దదైతే వేలు స్వరస్థానానికి అందదు, అందుకోబోయి మణికట్టు వంగిపోతుంది. మనవాళ్లు నేల మీద బాసింపట్టు వేసుకుని, ఫిడేలు ఒక కొసని ఛాతీకి ఆనించి, రెండో కొసని కుడి పాదం మీద ఆనించి వాయిస్తారు. వాద్యం బరువు ఎడమచేతి మీద పడదు కాబట్టే గమకాలకి ఆ చెయ్యి తీగ పొడుగునా జారగలుగుతుంది. సైజు తప్పితే ఈ సుఖమంతా పోతుంది. కొనేముందు పిల్లల్ని కూర్చోబెట్టి గురువుగారికి చూపించాలి. తీగలు బ్రిడ్జి దగ్గర మరీ ఎత్తులో ఉంటే నొక్కబోతే పసివేళ్లు నొప్పిపుడతాయి. బ్రిడ్జిని అరగదీసి ఆ ఎత్తు సరిచేస్తారు. పిల్లలు ఫిడేలంటే మొహం తిప్పుకోవడానికి బద్ధకమే కారణమనుకునే ముందు ఈ ఎత్తు ఒకసారి చూడండి.

బిరడాలు తిప్పి శ్రుతి చేసే బలం, ఒడుపు చిన్నపిల్లలకి ఉండవు. వానాకాలంలో బిరడాలు బిగుసుకుంటాయి, ఎండల్లో జారిపోతాయి. రోజూ శ్రుతి చేసి ఇవ్వడం పెద్దవాళ్ల పని. గురువుగారి దగ్గర ఒక్కసారి చూసి నేర్చుకోవచ్చు. వాయించడం అయ్యాక కమాను వెంట్రుకలు వదులు చెయ్యాలి.

అసలు చిక్కు ఇవేవీ కాదు. చుట్టాలొస్తారు. ‘ఏదీ తల్లీ, మావయ్యకి ఒక పాట వాయించు’ అంటారు. పిల్లకి వచ్చింది జంట స్వరాలు. అవి వాయిస్తే మావయ్య ముఖంలో ఏ భావమూ ఉండదు. ఆ మర్నాడే నాన్న గురువుగారికి ఫోన్ చేస్తాడు: ‘మాస్టారూ, ఏడాది దాటింది, ఇంకా సరిగమలేనా? ఏదైనా సినిమా పాట చెప్పండి.’ కొందరు మాస్టార్లు ఫీజు పోతుందని చెబుతారు కూడా. నా ఉద్దేశంలో ఇక్కడే ఎక్కువమంది పిల్లల చదువు పాడవుతోంది. సరళీ స్వరాలు దాటేయాల్సిన మెట్లు కావు, పెద్ద విద్వాంసులు కూడా వాటిని సాధన చేస్తారు. పిల్లకి వచ్చినదాన్నే చుట్టాల ముందు గౌరవంగా వినే ఇల్లు కావాలి. మూడు కాలాల్లో ఒక అలంకారం పొల్లుపోకుండా వాయించడం ఎంత కష్టమో మావయ్యకి చెప్పాల్సింది అమ్మ.

సాధన ఎంతసేపు అని అడుగుతారు. ఆదివారం రెండు గంటల కంటే రోజూ ఇరవై నిమిషాలు మేలు. ఆ ఇరవై నిమిషాల్లో ఏం జరుగుతోందన్నది ఇంకా ముఖ్యం. తప్పు రాగానే పిల్లలు మొదటికి వెళ్లి మళ్లీ ఎత్తుకుంటారు. దాంతో మొదటి వరుస వందసార్లు, చివరి వరుస పదిసార్లు వస్తుంది. పాఠం చివరి ఆవర్తనం నుంచి మొదలుపెట్టమనండి, తప్పినచోటే ఆగి ఆ నాలుగు స్వరాలనే నిదానంగా వాయించమనండి.

కృతులదాకా వచ్చిన పిల్లలకి తెలుగిళ్లు ఇవ్వగలిగినది ఇంకొకటుంది. త్యాగరాజు రాసింది చాలావరకు మన భాషలో. చెన్నైలోనో, కేరళలోనో పిల్లలు అర్థం అడిగి తెలుసుకుని బట్టీపట్టే సాహిత్యాన్ని మన పిల్లలు అమ్మతో కలిసి చదువుకోవచ్చు. ఫిడేలు మాటలు పలకదు కదా అనకండి. కమాను ఎక్కడ తిప్పాలో చెప్పేది సాహిత్యమే. మాట మధ్యలో కమాను తిప్పితే తెలిసినవాళ్ల చెవికి మాట విరిగినట్టు వినబడుతుంది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పక్కవాద్యంగా ఉన్న వయొలిన్‌ని సోలో కచేరీలతో ముందుకు తెచ్చినవాళ్లలో ప్రముఖులు. ఆయన కమానులో గాత్రం వినబడేదని విన్నవాళ్లు అంటారు. 1919లో విజయనగరం సంగీత కళాశాలకి విద్యార్థిగా చేరడానికి వెళితే ఆయన్ని అధ్యాపకుడిగా తీసుకున్నారు, అప్పటికి ఇరవై ఆరేళ్లు. చూపు బాగా మందం. ఆయన రికార్డింగులు ఇప్పుడు ఫోనులోనే దొరుకుతున్నాయి. భోజనాల దగ్గర ఒకటి పెట్టి వదిలెయ్యండి, పరీక్ష పెట్టకండి.

అమెరికాలో ఉన్న తెలుగు పిల్లలు చాలామంది ఇప్పుడు హైదరాబాదు, విజయవాడ గురువుల దగ్గర ఆన్‌లైన్లో నేర్చుకుంటున్నారు. క్లీవ్‌లాండ్‌లో 1978 నుంచి జరుగుతున్న త్యాగరాజ ఆరాధనలో పాల్గొనాలని ఏడాది పొడుగునా ఆయన పంచరత్న కృతులు సాధన చేసేవాళ్లూ ఉన్నారు. ఆన్‌లైన్ పాఠంలో శబ్దం చేరడానికి క్షణకాలం ఆలస్యమవుతుంది. గురువుగారూ శిష్యురాలూ కలిసి వాయించలేరు, గురువుగారు ఇక్కడ వేసే తాళం అక్కడికి ఆలస్యంగా అందుతుంది. అంటే తాళం వేసే చెయ్యి ఆ గదిలోనే ఉండాలి. కెమెరాని కూడా మొహానికి కాదు, చేతులకి ఎదురుగా పెట్టాలి. ఎడమచేతి వేళ్లూ, బ్రిడ్జి దగ్గర కమాను తీగని తాకే చోటూ కనబడాలి.

పదో తరగతి రాగానే చాలా ఇళ్లలో ఫిడేలు ఆగిపోతుంది, ఇంటర్‌లో మిగిలిందీ ఆగుతుంది. మాన్పించే ముందు గురువుగారితో మాట్లాడండి: పరీక్షలయ్యేదాకా కొత్త పాఠం వద్దు, ఉన్నది పోకుండా చూడండి అని. ఒక వర్ణం రెండు కాలాల్లో వాయించడానికి పావుగంట చాలు. వేళ్ల పని, కమాను పని, తాళం, గమకం అన్నీ అందులో ఉన్నాయి. కచేరీలు వర్ణంతో మొదలవడానికి ఒక కారణం అదే, చెయ్యి కుదురుతుంది. అదీ కుదరక అటక ఎక్కించక తప్పదంటే కమాను వదులు చేసి పెట్టండి, తీగల్ని మాత్రం పూర్తిగా వదిలెయ్యకండి. తీగల బిగువు పోతే ఫిడేలు కడుపులో నిలబడి ఉన్న సన్నని కర్రముక్క పడిపోతుంది. దాన్ని మళ్లీ నిలబెట్టడానికి పని తెలిసినవాడి కోసం ఊళ్లు తిరగాలి.