పట్టూ విడుపూ తెలిసిన పనితనం

1970 నాటి షెవర్లే షెవెల్ ఎస్‌ఎస్ 454 పేరెత్తగానే అభిమానులు ఎల్‌ఎస్6 ఇంజన్ గురించీ దాని 450 హార్స్‌పవర్ గురించీ మొదలుపెడతారు. క్లచ్ సంగతి తేలాలంటే ఇంకో అంకె చూడాలి. ఆ ఇంజన్ టార్క్ 500 పౌండ్-అడుగులు, అంటే 678 న్యూటన్ మీటర్లు. మన వీధుల్లో తిరిగే 1.2 లీటర్ల మారుతి స్విఫ్ట్ టార్క్ 113. ఆరు స్విఫ్టుల బలం ఒకే ఒక్క క్లచ్ ప్లేటు మీదుగా గేరుబాక్సులోకి దిగాలన్నమాట. డెట్రాయిట్ శివార్లలో వుడ్‌వర్డ్ ఎవెన్యూ మీద 1995 నుంచి దాదాపు ఏటా ఆగస్టులో పాత కార్ల సంబరం జరుగుతుంది. అక్కడ ఇదే కారు ముందు బంపరుకి ఒరుసుకోకుండా, ఎండలో గంటలకొద్దీ పాకుతూ పోవాలి.

ఆ పాకడమే అసలు పరీక్ష. ఎల్‌ఎస్6తో వచ్చిన మన్సీ ఎం22 గేరుబాక్సులో మొదటి గేరు నిష్పత్తి 2.20. వెనక ఇరుసు నిష్పత్తి 3.31 అనుకుంటే, యాక్సిలరేటర్ తొక్కకపోయినా, 800 ఆర్‌పీఎం దగ్గరే కారు గంటకు దాదాపు 14 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. అంతకంటే మెల్లగా నడపాలంటే హాఫ్ క్లచ్ తప్ప గతి లేదు. పట్టులేని క్లచ్ ఎలాగూ పనికిరాదు. పట్టున్నవాటిలో ఏది మంచిదో తేలేది మాత్రం అది జారేటప్పుడే.

లెక్క తేలికే. క్లచ్ మోయగల టార్క్ నాలుగింటి గుణకారం: రాపిడి గుణకం, నొక్కే బలం, లైనింగ్ సగటు వ్యాసార్థం, రాసుకునే ముఖాల సంఖ్య. 11 అంగుళాల ప్లేటుకి సగటు వ్యాసార్థం 11 సెంటీమీటర్లు, రాపిడి గుణకం 0.27, క్లచ్ ప్లేటుని ఫ్లైవీలుకి అదిమే ప్రెషర్ ప్లేటు నొక్కుడు 1,200 కిలోలు, ముఖాలు రెండు అనుకుందాం. కిలోలని న్యూటన్లలోకి, సెంటీమీటర్లని మీటర్లలోకి మార్చి గుణిస్తే 700 న్యూటన్ మీటర్లు వస్తుంది. ఇంజన్ ఇచ్చేది 678. కాగితం మీద సరిపోయింది గానీ, లైనింగ్ వేడెక్కి రాపిడి కాస్త తగ్గిందంటే జారుడు మొదలవుతుంది. కనీసం పాతిక శాతం మిగులు ఉండాలి. ఇంజన్‌కి కొత్త కామ్, హెడ్లు వేయించినవాళ్ళకి ఇంకా ఎక్కువ కావాలి.

ఆ మిగులు సంపాదించడానికి సులువైన దారులు రెండున్నాయి, రెంటికీ మూల్యం ఉంది. ప్రెషర్ ప్లేటు స్ప్రింగు బలం పెంచితే ఎడమకాలు పడిపోతుంది. పైగా పెడల్ తొక్కిన ప్రతిసారీ ఆ బలం క్రాంక్‌షాఫ్టుని ముందుకు నెట్టి, దాని థ్రస్ట్ బేరింగుని అరగదీస్తుంది. షెవెల్‌లో పెడల్‌ని క్లచ్ ఫోర్కుకి కలిపే ఇనప మీటలు కూడా వంగిపోవచ్చు. రెండో దారి సిరామిక్ లైనింగు. చాలా వేడిని తట్టుకుంటుంది, గట్టిగా పట్టుకుంటుంది. కానీ దానికి నడిమి స్థితి అంటూ ఉండదు. పట్టితే పూర్తిగా పట్టు, వదిలితే పూర్తిగా విడుపు. సిగ్నల్ దగ్గర కారు వణుకుతూ ఎగిరి కదులుతుంది. డ్రాగ్ స్ట్రిప్ మీద గుణమనిపించుకున్నదే వీధిలో బాధవుతుంది.

అందుకే మంచి ఆర్గానిక్ ప్లేటుని చేతిలోకి తీసుకుని నింపాదిగా చూడాలి. నారపోగులూ రెజిన్ కలిపి అచ్చువేసిన లైనింగులో ఇత్తడి లేదా రాగి తీగ మెరుస్తుంటుంది. వేడిని ఒకచోట నిలవనీయకుండా పంచే పని దానిది. పైన తీసిన గాళ్ళలోంచి ధూళి బయటికి పోతుంది, ప్లేటు ఫ్లైవీలుకి అతుక్కోకుండా గాలి దూరుతుంది. రెండు లైనింగుల మధ్య అల అలలుగా వంచిన పలచని ఉక్కు రేకులుంటాయి. మొత్తం అణిగేది మిల్లీమీటరు అటూ ఇటూ. ఆ కాస్త దూరంలోనే పట్టు సున్నా నుంచి నిండుకి పెరుగుతుంది. డ్రైవరు హాఫ్ క్లచ్ అనేదంతా ఆ రేకుల వంపులోనే ఉంది. ఇక మధ్యలోని స్ప్రింగులు: వాటికి కోసిన కిటికీలన్నీ ఒకే కొలతలో ఉండవు. మెత్తనివి ముందు అణిగితే, గట్టివి తర్వాత అందుకుంటాయి. వీ8 పేలుళ్ళ అదురు గేరు పళ్ళ దాకా పోకుండా అక్కడే ఇంకిపోతుంది.

ప్రెషర్ ప్లేటులోని డయాఫ్రం స్ప్రింగుది ఇంకో రకం తెలివి. లోతు తక్కువ శంకువులా వంచిన ఒకే ఉక్కు బిళ్ళ అది, మధ్యలోకి వేళ్ళలా చీలికలు. ప్రతి చీలిక మొదట్లో గుండ్రటి రంధ్రం ఉంటుంది, పగులు అక్కడి నుంచి పాకకుండా. కాయిల్ స్ప్రింగుని తొక్కేకొద్దీ బరువెక్కుతుంది. ఇది ఒక శిఖరం దాటాక తేలికవుతుంది, అందుకే సిగ్నల్ దగ్గర తొక్కిపెట్టి ఉంచడం కష్టం కాదు. లైనింగు అరిగేకొద్దీ మొదట్లో దీని నొక్కుడు కొంత పెరుగుతుంది కూడా. చదునైన వేళ్ళున్న పాత డయాఫ్రంలకి ఒక జబ్బుండేది. ఇంజన్ మరీ వేగంగా తిరిగేటప్పుడు గేరు మారిస్తే, వేళ్ళు వెనక్కి రాక పెడల్ కిందే ఉండిపోయేది. వేళ్ళ కొసలు వంచడంతో అది తగ్గింది. సెంటర్‌ఫోర్స్ కంపెనీ ఆ తిరుగుడునే తనవైపు తిప్పుకుంది. వేళ్ళకి చిన్న బరువులు తగిలించి, వేగం పెరిగేకొద్దీ నొక్కుడు పెరిగేలా చేసింది.

నాకు అన్నిటికంటే ముచ్చటగొలిపేది జోడు ప్లేట్ల క్లచ్. గుణకారంలో కాలికి నొప్పీ, కదలికలో కుదుపూ తేకుండా పెంచగల అంకె ముఖాల సంఖ్య. ప్లేట్లు రెండు పెడితే ముఖాలు నాలుగవుతాయి. ప్లేట్లు కొంచెం చిన్నవి చేసి సగటు వ్యాసార్థం 10.5 సెంటీమీటర్లకి తగ్గించినా, నొక్కుడు 900 కిలోలకి దించినా, అదే మెత్తటి ఆర్గానిక్ లైనింగుతో 1,000 న్యూటన్ మీటర్లు మోస్తుంది. ఉచితంగా మాత్రం కాదు. నాలుగు ముఖాలూ విడివడాలి కాబట్టి పెడల్ ప్రయాణం సరిచూడాలి, ధర కూడా ఎక్కువే. రెండు ప్లేట్ల నడుమ తేలే పలక మీద కన్నేయాలి. అది వదులుగా కూర్చుంటే పెడల్ తొక్కగానే గలగలమంటుంది. ఉక్కు పట్టీలతో బిగించినది చప్పుడు చేయదు. పనివాడి శ్రద్ధ అక్కడ బయటపడుతుంది.

ఫ్లైవీలు విషయంలో తేలికదనానికి ఆశపడనక్కర్లేదు. అల్యూమినియంది చురుగ్గా తిరుగుతుంది గానీ, టన్నున్నర దాటిన బండిని నిష్పత్తి తక్కువైన మొదటి గేరులో కదిలించడానికి 14 కిలోల ఉక్కు చక్రంలో దాగిన ఊపే మేలు. పాత పోత ఇనప చక్రాన్ని మాత్రం ఉంచకూడదు. వేడికి పగుళ్ళిచ్చి, అధిక వేగంలో పేలితే ముక్కలు కారు నేలని చీల్చుకుని కాళ్ళ మీదికొస్తాయి. ఎస్‌ఎఫ్‌ఐ భద్రతా ముద్ర ఉన్న ఉక్కు చక్రం, క్లచ్‌ని కప్పే ఉక్కు బెల్ హౌసింగ్ అందుకే. బిగించేముందు డయల్ గేజి పెట్టి చూడాలి. క్రాంకు కేంద్రానికీ బెల్ హౌసింగ్ రంధ్రం కేంద్రానికీ తేడా 0.005 అంగుళం, అంటే 0.13 మిల్లీమీటరు దాటకూడదు. ఇది తప్పితే ఎంత ఖరీదైన క్లచ్ అయినా వణుకుతుంది.

పెట్టెల మీది స్టేజ్ 1, 2, 3 అనే మాటలకి కంపెనీలన్నీ ఒప్పుకున్న ప్రమాణమేదీ లేదు. కొనేవాడు ముందు ఇంజన్ టార్కు, తర్వాత బండి బరువు, గేరు నిష్పత్తులు, టైర్ల పట్టు రాసుకుని వెళ్ళాలి. ఇంజన్ దాదాపు కంపెనీ ఇచ్చినట్టే ఉంటే, మిగులున్న 11 అంగుళాల ఆర్గానిక్ ప్లేటు, వంచిన వేళ్ళ డయాఫ్రం చాలు. టార్కు 800 న్యూటన్ మీటర్లు దాటించినవాళ్ళు జోడు ప్లేట్లకి డబ్బు పెట్టడం న్యాయం. ఏది బిగించినా మొదటి 800 కిలోమీటర్లు ఊళ్ళో, ఆగుతూ సాగుతూ, వేడెక్కించకుండా నడిపితే లైనింగు ముఖం చక్రానికి ఒదుగుతుంది. ఆ తర్వాతే దాన్ని గట్టిగా పరీక్షించాలి.