వద్దన్న ఉత్తరాలు

పోయినవాళ్ల మాట జవదాటకూడదని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు రాశానో మీకు తెలుసు. అందుకే మొన్న ఒక కుర్ర సంపాదకుడు, పోయిన ఒక రచయిత్రి ఉత్తరాల గురించి ఫోన్ చేసి, "ఆవిడ వద్దన్నారు గానీండి, ఉత్తరాలు చాలా బావున్నాయి. వేసేస్తున్నాం, ముందుమాట మీరే రాయాలి" అనగానే ఒళ్లు మండింది. రాయనన్నాను. నా పక్షాన సాక్ష్యం దొరుకుతుందని విల్లా కేథర్ ఉత్తరాల సంపుటం బయటికి తీశాను.

నెబ్రాస్కా పల్లెల్ని అమెరికన్ నవలలోకి తెచ్చిన కేథర్, ఈ విషయంలో మహా పట్టుదల మనిషి. తన ఉత్తరాలు పూర్తిగా గానీ కొంతగా గానీ అచ్చు కాకూడదని వీలునామాలో రాసింది. నవలల్ని నాటకాలూ సినిమాలూ చేయకూడదంది. 1947లో పోయింది. దాదాపు నలభై ఏళ్లు ఆమెతో కలిసి బతికిన ఈడిత్ లూయిస్ ఆ మాట నిలబెట్టింది. తర్వాత సోదరుడి కొడుకు చార్ల్స్ కూడా నిలబెట్టాడు. 2011లో ఆయనా పోయాక, 2013లో ఈ సంపుటం వచ్చింది.

ఉత్తరాలన్నీ ఆమె తగలబెట్టిందని చాలాకాలం అనుకునేవారు. ఆప్తమిత్రురాలు ఇసబెల్ మెక్లంగ్‌కి రాసినవి మాత్రం చాలామటుకు అలాగే పోయాయి. 1938లో ఇసబెల్ చనిపోతే ఆమె భర్త ఆ కట్ట తిరిగి పంపాడు, కేథరే నాశనం చేసింది. అది ఆమె హక్కు, దాని గురించి వగచే పరిశోధకులతో నాకు పొత్తు లేదు. కానీ మిగిలినవి అందుకున్నవాళ్లు దాచుకున్నారు. అలాంటివి సుమారు మూడు వేలు దొరికాయి.

నిషేధం వాటినేం చేసిందో చూడండి. లైబ్రరీలో కూర్చుని ఎవరైనా చదవగలిగేవారు, ఒక్క వాక్యం ఎత్తిరాయడానికి మాత్రం ఉండేది కాదు. దాంతో అరవై ఏళ్లపాటు జీవితచరిత్రకారులంతా ఆమె ఉత్తరాల్ని తమ మాటల్లో తిరగరాస్తూ వచ్చారు. నవలలో అక్కర్లేని సామానంతా బయట పడేయాలని 1922లో వ్యాసం రాసిన మనిషి, ప్రతి మాటా తూచి వాడిన మనిషి, తన సొంత గొంతు తప్ప అందరి గొంతుల్లోనూ మాట్లాడింది. ఆమె వద్దన్నది నెరవేరలేదు, వికృతంగా నెరవేరింది. అచ్చు వేయడమే ఆమెకు చేసిన మర్యాద అని ఇప్పుడు నాకు గట్టిగా అనిపిస్తోంది. అయితే ఒక్క అక్షరం దిద్దకుండా వేయాలి.

ఆమె గొంతులోనే వినాల్సిన ఉత్తరం ఒకటి చెబుతాను. ఆమెకు తమ్ముడు వరసయ్యే జి.పి. కేథర్ 1918లో ఫ్రాన్స్‌లో కాంటిన్యీ దగ్గర యుద్ధంలో చనిపోయాడు. అతని మీదే 'వన్ ఆఫ్ అవర్స్' రాసింది, 1923లో పులిట్జర్ వచ్చింది. యుద్ధం చూడని ఆడమనిషి యుద్ధం రాసిందని వెక్కిరించినవాళ్లలో హెమింగ్వే ఒకడు. జి.పి. తనకేమవుతాడో స్నేహితురాలు, రచయిత్రి డొరొతీ కేన్‌ఫీల్డ్ ఫిషర్‌కి రాసిన ఉత్తరంలో చెప్పుకుంది. అందులో ఏముందో నా మాటల్లో చెప్పను. ఆ పని ఇప్పటికే చాలామంది చేశారు. పుస్తకం తెచ్చుకుని ఆమె మాటల్లోనే చదవండి.